నగరము పెరిగిన కొలది దూరమైన నది

భూమిమీద ఏ పట్టణము వెలసినను అది మొదట వెదకికొనినది నీటిని. కోటగోడలకు కావలసిన రాతిని దూరమునుండి తెచ్చుకొనవచ్చును. ధాన్యమును బండ్లమీద తోలుకొనవచ్చును. కాని ప్రతి మనిషికి ప్రతిదినము కావలసిన నీటిని దూరమునుండి మోసి తెచ్చుట పూర్వకాలమున సాధ్యమయ్యెడిది కాదు. అందువలన నీరున్న చోటికే జనము చేరిరి. నేడు ఈ వరుస తారుమారైనది. జనము చేరిన చోటికి మనము నీటిని రప్పించుచున్నాము.

ఇట్లు ఎంత దూరమునుండి రప్పింపగలము? ఎంతకాలము రప్పింపగలము? ఒకవైపు జనసంఖ్య పెరుగుచున్నది. మరొకవైపు భూగోళపు శీతోష్ణస్థితి మారుచున్నది. ఈ రెండును కలిసి రేపటి నీటివనరులను ఏమి చేయునో గ్రహించుటకు హైదరాబాదు నగరపు నీటి చరిత్ర మనకొక మంచి పాఠము. ఆ నగరము 400 సంవత్సరములకు పైగా తన దాహము తీర్చుకొనుటకు చేసిన ప్రయత్నములలో పెక్కు నేటికిని కంటికి కనబడునట్లు నిలిచియున్నవి.

చెరువుల కాలము

దక్కను పీఠభూమి రాతినేల. హిమాలయములలో పుట్టిన నదులవలె మంచు కరిగి వేసవిలో గూడ పారు నదులు ఇచ్చట లేవు. సంవత్సరపు వర్షములో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురియును. నాలుగు నెలల వానను పండ్రెండు నెలలు వాడుకొనవలెనన్న దానిని ఎచ్చటనో నిలువ చేయక తప్పదు. ఈ సత్యమును బాగుగా ఎరిగిన కాకతీయుల కాలపువారు వాగులకు అడ్డముగా కట్టలు పోసి చెరువులను నిర్మించిరి. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు ఆనాటివే. పై చెరువు నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువులో చేరును. అదియు నిండిన మరియొక చెరువులో చేరును. ఇట్టి గొలుసుకట్టు చెరువులు తెలంగాణమంతటను వ్యాపించినవి.

గోలకొండ సుల్తానులు ఈ విద్యనే కొనసాగించిరి. దుర్గము చెరువు నీరు మట్టిగొట్టముల ద్వారా గోలకొండ కోటకు చేరెడిది. అచ్చటినుండి దానిని చక్రముల సాయమున అంతస్తు వెంట అంతస్తుగా పైకి తోడెడివారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562 ప్రాంతమున, హుస్సేన్ సాగరును నిర్మించిరి. మూసీనది నుండి కాలువ త్రవ్వి దానిని నింపిరి. అటుపిమ్మట 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరమునకు పునాది వేసెను. అనగా చెరువు ముందు పుట్టినది, దాదాపు ముప్పది సంవత్సరములకు నగరము పుట్టినది. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకొనవలెను. 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో నగరమునకు నైరుతిదిక్కున మీర్ ఆలం చెరువును కట్టిరి. దాని కట్ట 21 అర్ధవృత్తాకారపు కమానుల వరుస. నీటి ఒత్తిడిని ఆ కమానులు పంచుకొని మోయుచు నేటికిని నిలిచియున్నవి.

ఆ కాలమున నీటికొరకు నగరవాసి చూపు నాలుగైదు కోసుల దూరమును దాటి పోలేదు.

వరద తెచ్చిన నీరు

1908 సెప్టెంబరు 28న మూసీనదికి గొప్ప వరద వచ్చినది. ఎగువన శంషాబాదు ప్రాంతమున ఒక్క దినములో 12 అంగుళములకు పైగా వాన కురిసెను. నగరమునకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా, వానిలో 200కు పైగా తెగిపోయినవి. ఒక చెరువు తెగిన నీరు తరువాతి చెరువును తెంచుచు వచ్చుటచే వరద ఉధృతి మరింత పెరిగినది. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా.

గొలుసుకట్టు చెరువులు మామూలు వానకు వరము. అంచనాకు మించిన వానకు ఒకదానివెంట ఒకటి కూలు పేకమేడ. ఈ విపత్తు తరువాత నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన వాన లెక్కలను, వరద గుర్తులను పరిశీలించి, ఎగువన మూసీనదిపైనను దాని ఉపనదియైన ఈసీపైనను రెండు పెద్ద జలాశయములు కట్టవలెనని సూచించెను. మూసీపై ఉస్మాన్ సాగరు 1920లో పూర్తియైనది. జనులు దానినే గండిపేట చెరువందురు. ఈసీపై హిమాయత్ సాగరు 1927లో పూర్తియైనది. దాని నిర్మాణములో నవాబు అలీ నవాజ్ జంగ్ ముఖ్యుడు.

ఈ జలాశయముల పరిమాణమును తెలిసికొనుటకు ఒక కొలత కావలెను. ఇంజనీర్లు వంద కోట్ల ఘనపుటడుగుల నీటిని ఒక టి.ఎం.సి. అందురు. అది సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఉస్మాన్ సాగరులో 3.9, హిమాయత్ సాగరులో సుమారు 3 టి.ఎం.సి.ల నీరు పట్టును. 1911 నాటికి నగర జనసంఖ్య సుమారు 5 లక్షలు. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున లెక్కించినచో ఒక్క టి.ఎం.సి. నీరు దాదాపు 5 లక్షల 70 వేలమందికి ఒక సంవత్సరము సరిపోవును. అనగా నాటి జనమునకు ఈ జలాశయములు సమృద్ధిగా చాలెడివి. పైగా ఉస్మాన్ సాగరు పూర్తి మట్టము సముద్రమునకు 1,790 అడుగుల ఎత్తున కలదు. నగరము అంతకన్న పల్లమున ఉండుటచే నీరు తన బరువుతో తానే నడచి వచ్చెడిది. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని జనులు చెప్పుకొనుటలో ఆ నీటి రుచితోబాటు ఆ నిశ్చింత గూడ కలదు.

దూరపు నదులు

1951 నాటికి నగర జనసంఖ్య సుమారు 11 లక్షలైనది. రెండు జలాశయములు చాలలేదు. 1965లో మంజీరా నది నీరు సుమారు 58 కిలోమీటర్ల దూరమునుండి వచ్చినది. 1981లో దానినే మరింత పెంచిరి. 1991, 1993 సంవత్సరములలో మంజీరాపైననే ఇంకను ఎగువనున్న సింగూరు జలాశయమునుండి సుమారు 80 కిలోమీటర్ల గొట్టములు వేసిరి. 2004లో కృష్ణానీరు నాగార్జునసాగరునుండి సుమారు 116 కిలోమీటర్లు నడచి వచ్చినది. 2008 నాటికి రెండవ దశ, 2015లో మూడవ దశ పూర్తియైనవి. ఆ 2015లోనే గోదావరి నీరు ఎల్లంపల్లినుండి సుమారు 186 కిలోమీటర్ల దూరము దాటి నగరమును చేరినది. 2011 జనాభా లెక్కల ప్రకారము మహానగరపాలక సంస్థ హద్దులలో 67 లక్షలకు పైగా జనమున్నారు.

జనసంఖ్య పెరిగిన ప్రతిసారి నగరము చేసిన పని ఒక్కటే. మరింత దూరమునకు చేయి చాచినది. ఈ చేయి చాచుటకు మూడు విధములైన వెల కలదు.

మొదటి వెల శక్తి. నాగార్జునసాగరు పూర్తి మట్టము సముద్రమునకు 590 అడుగుల ఎత్తున మాత్రమే ఉన్నది. ఆ నీటిని ఉస్మాన్ సాగరు మట్టమునకు ఎక్కింపవలెనన్న 1,200 అడుగులు, అనగా సుమారు 366 మీటర్లు ఎత్తవలెను. వేయి లీటర్ల నీటి ద్రవ్యరాశి వేయి కిలోగ్రాములు. ద్రవ్యరాశిని గురుత్వత్వరణముతోను ఎత్తుతోను గుణించినచో సుమారు 36 లక్షల జౌళ్ళు వచ్చును. అది సరిగా ఒక యూనిట్టు విద్యుచ్ఛక్తి. పంపులలోను గొట్టములలోను వ్యర్థమగు శక్తిని వదలిపెట్టినను, వేయి లీటర్లకు ఒక యూనిట్టు తప్పదు. కృష్ణానది మూడు దశలును కలిసి దినమునకు 27 కోట్ల గ్యాలన్లు, అనగా సుమారు 123 కోట్ల లీటర్ల నీరు తెచ్చుటకు నిర్మింపబడినవి. అంత నీటిని అంత ఎత్తునకు ఎక్కించుటకు దినమునకు ఎన్ని యూనిట్లు కావలెనో విద్యార్థులే లెక్కింపవచ్చును. పన్నెండు లక్షలకు పైగా వచ్చును. విశ్వేశ్వరయ్యగారి జలాశయమునుండి వచ్చిన నీటికి ఈ ఖర్చు లేదు.

రెండవ వెల రైతు చెల్లించునది. సింగూరుకు దిగువన అదే మంజీరాపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కలదు. దాని క్రింద వేల ఎకరముల పొలములు కలవు. ఎగువన ఆపిన నీరు దిగువకు రాదు. నగరము కొత్త నదికి చేరిన ప్రతిసారి ఆ నదిమీద ముందుగనే ఆధారపడినవారు మరియొకచోట ఉన్నారు.

మూడవ వెల కంటికి కనబడనిది. దూరపు నీరు కుళాయిలోనికి వచ్చుచుండగా దగ్గరి చెరువుమీద జనమునకు శ్రద్ధ తగ్గును. చెరువు శిఖము ఇండ్లస్థలమగును, వాగు మురుగుకాలువయగును. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరుల చుట్టు 84 గ్రామములలో కట్టడములను నియంత్రించుచు ప్రభుత్వము 1996లో ఉత్తరువు చేసినది. ఆ ఆంక్షలను సడలించుచు 2022లో మరియొక ఉత్తరువు వెలువడినది. ఈ రెండు ఉత్తరువుల మధ్య ఇరువది ఆరు సంవత్సరములలో నగరమునకు కృష్ణా గోదావరులు రెండును వచ్చియుండుట గమనింపదగినది.

ఒక సాధారణ భాగహారము

హైదరాబాదు కథ దేశపు కథలో ఒక భాగము. భారతదేశపు నదులన్నిటిలో సగటున సంవత్సరమునకు 1,869 శతకోటి ఘనమీటర్ల నీరు లభించునని మన ఇంజనీర్లు చాలకాలము లెక్కించుచు వచ్చిరి. 1951లో దేశ జనసంఖ్య 36 కోట్లు. నీటిని జనసంఖ్యచే భాగించినచో ఒక్కొక్కరికి 5,177 ఘనమీటర్లు వచ్చినవి. 2011లో జనసంఖ్య 121 కోట్లు. అదే నీటిని భాగించినచో 1,545 ఘనమీటర్లు మాత్రమే వచ్చినవి. స్వీడనుదేశపు జలశాస్త్రజ్ఞురాలు మాలిన్ ఫాల్కెన్‌మార్క్ సూచించిన కొలత ప్రకారము తలకు 1,700 ఘనమీటర్లకు తగ్గిన దేశము నీటి ఒత్తిడికి లోనైనట్లు, 1,000కి తగ్గిన దేశము నీటి కొరతలో పడినట్లు భావింతురు.

ఇందు ఒక నది కూడ ఎండలేదు. ఒక్క వాన తగ్గలేదు. విభాజ్యము మారకయే, విభాజకము పెరుగుటచే ఫలము తగ్గినది. జనసంఖ్య చేయు పని ఇది. దీనిని ముందుగా లెక్కింపవచ్చును. ఏ సంవత్సరమున ఎందరుందురో జనాభాశాస్త్రము ఇంచుమించుగా చెప్పగలదు. చిక్కంతయు విభాజ్యము గూడ మారినప్పుడు వచ్చును.

మారుచున్న ఆకాశము

నదిలో ఎంత నీరు వచ్చునో ఇంజనీర్లు ఎట్లు తెలిసికొందురు? గడచిన సంవత్సరముల లెక్కలను చూచి తెలిసికొందురు. కృష్ణానది జలములను మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు పంచుటకు ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు 1894 మొదలు 1972 వరకు గల 78 సంవత్సరముల ప్రవాహములను పరిశీలించి, నూటికి 75 సంవత్సరములు నమ్మదగిన నీరు 2,060 టి.ఎం.సి.లని 1973లో నిర్ణయించినది. ఈ పద్ధతి శాస్త్రీయమైనదే. కాని దాని అడుగున ఒక విశ్వాసము కలదు: నిన్నటి ఆకాశమువంటిదే రేపటి ఆకాశమని. శీతోష్ణస్థితి మార్పు దెబ్బతీయుచున్నది ఈ విశ్వాసమునే.

బొగ్గు, చమురు మండించుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినది. అది భూమినుండి వెలువడు వేడిని పోనీయక పట్టియుంచును. 19వ శతాబ్ది ఉత్తరార్ధముతో పోల్చినచో 2011-2020 దశాబ్దమునకు భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో అది పట్టగల నీటియావిరి సుమారు నూటికి 7 వంతులు పెరుగును. దీనివలన రెండు ఫలితములు కలుగును. మొదటిది, వేడిగాలి నేలనుండి, చెరువులనుండి, పైరులనుండి ఎక్కువ నీటిని పీల్చును. రెండవది, మేఘము కురిసినప్పుడు ఎక్కువగా కురియును. అనగా ఎండునాళ్ళు మరింత ఎండుగను, వాననాళ్ళు మరింత తీవ్రముగను మారును.

మన దేశపు పరిశీలనలు దీనిని బలపరచుచున్నవి. 1951 మొదలు 2015 వరకు గల కాలములో దేశమున నైరుతి ఋతుపవనపు వాన మొత్తముమీద నూటికి 6 వంతులు తగ్గినది. అదే కాలములో మధ్యభారతమున అతిభారీ వర్షములు పెరిగినవి. సగటు కొంచెము తగ్గి, తీవ్రత చాల పెరిగినదన్నమాట.

2009వ సంవత్సరము దీనికి మంచి నిదర్శనము. ఆ సంవత్సరము నైరుతి ఋతుపవనము దేశమున నూటికి 22 వంతులు తక్కువ కురిసినది. 1972 తరువాత అట్టి లోటు లేదు. జనులు కరవునుగూర్చి దిగులుపడుచుండగనే అక్టోబరు మొదటి దినములలో కృష్ణా, తుంగభద్రలు పొంగి కర్నూలు నగరమును ముంచివేసినవి. శ్రీశైలము జలాశయమునకు సెకనుకు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చి, కట్టినవారి అంచనాలను మించినది. ఒకే నది, ఒకే సంవత్సరము, కరవును వరదను రెండింటిని చూపినది. ఆ సంవత్సరపు మొత్తమును మాత్రమే చూచువానికి ఈ రెండు కష్టములలో ఏదియు కనబడదు.

ఒక జలాశయము, రెండు పనులు

ఇప్పుడు మరల విశ్వేశ్వరయ్యగారి జలాశయములకు రండు. అవి రెండు పనులకొరకు ఉన్నవి. వరదను ఆపవలెనన్న జలాశయము ఖాళీగా ఉండవలెను. దాహము తీర్పవలెనన్న అది నిండియుండవలెను. వానలు నెమ్మదిగా, అనేకదినములు పంచుకొని కురిసినంతకాలము ఈ రెండు పనులకు పొత్తు కుదురును. నెలవాన ఒక్క రాత్రి కురిసినచో పొత్తు చెడును.

ఇది ఊహ కాదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క దినమున 24 సెంటిమీటర్ల వాన కురిసి హుస్సేన్ సాగరు క్రింది పేటలు మునిగినవి. 2015-16లో వరుస అనావృష్టిచే ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు, మంజీరా, సింగూరు నాలుగును ఎండి, నగరము కృష్ణా గోదావరుల నీటితోనే ప్రాణము నిలుపుకొన్నది. 2020 అక్టోబరులో మరల కుండపోత వాన. హిమాయత్ సాగరు తలుపులు ఎత్తవలసివచ్చినది. మూసీ ఒడ్డు నీటమునిగినది. నాలుగున్నర సంవత్సరములలో ఎండిన జలాశయమే పొంగినది.

దూరపు నదులు మాత్రము ఈ మార్పుకు అతీతములా? నాగార్జునసాగరు నిర్మించిననాడు అందు 408 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. ఒండ్రు చేరుటచే నేడది సుమారు 312కు తగ్గినది. తీవ్రమైన వాన నేలను ఎక్కువగా కోయును. కోసిన మన్ను జలాశయము అడుగున చేరును. ఎండు సంవత్సరములలో సాగరు మట్టము 510 అడుగులకు దిగువకు పోయినప్పుడు నగరముకొరకు అత్యవసరపు పంపులు పెట్టవలసివచ్చుచున్నది. గోదావరిని మించి నీరు తెచ్చుకొనుటకు తెలంగాణమున మరియొక పెద్దనది లేదు. చేయి ఎంత చాచినను అందుటకు ఇక కొత్త నది లేదన్నమాట.

మిగిలిన నది

ఐతే లెక్కలోనికి రాని నది ఒకటి కలదు. హైదరాబాదున సంవత్సరమునకు సగటున సుమారు 80 సెంటిమీటర్ల వాన కురియును. 2007లో ఏర్పడినప్పుడు మహానగరపాలక సంస్థ విస్తీర్ణము సుమారు 650 చదరపు కిలోమీటర్లు. రెండింటిని గుణించినచో 52 కోట్ల ఘనమీటర్లు, అనగా 18 టి.ఎం.సి.లకు పైగా వచ్చును. కృష్ణనుండి నగరమునకు కేటాయించిన నీరు 16.5 టి.ఎం.సి.లు. ఆకాశము నగరముమీద నేరుగా కురిపించు నీరు దానికన్న ఎక్కువ. ఇందు కొంత ఆవిరియగును. కొంత మురుగులో కలియును. అంతయు పట్టుట సాధ్యము కాదు. కాని చెరువులను కాపాడినచో, ఇంకుడుగుంతలు త్రవ్వినచో, కొంతయైన నేలలో నిలుచును. నేలలో నిలిచిన నీటిని ఎండ పీల్చలేదు; అది పల్లపు పేటలను ముంచదు. వరదకును కరవుకును ఒకే మందు పనిచేయు చోట్లలో ఇది ఒకటి.

రెండవది వాడిన నీరు. ఇంటికి వచ్చిన నీటిలో సుమారు నూటికి 80 వంతులు మురుగుగా వెలుపలికి పోవును. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుండియే మురుగునీటిని శుద్ధిచేసి త్రాగునీటిలో కలుపుచున్నది. సింగపూరు 2003 నుండి ఇట్లే శుద్ధిచేసిన నీటిని పరిశ్రమలకును జలాశయములకును పంపుచున్నది. ఈ నీటికి ఒక గొప్ప గుణము కలదు. జనము పెరిగిన కొలది నది వాటా తగ్గును. కాని శుద్ధి చేయదగిన మురుగు పెరుగును. వానతో దీనికి నేరుగా ముడి లేదు. మూడవది పొదుపు. గొట్టములలో కారిపోవు నీటిని ఆపుట కొత్త జలాశయము కట్టుటతో సమానము.

వీనిలో ఏ ఒక్కటియు చాలదు. పెద్ద నగరమునకు పెద్దనది కావలసినదే. కాని దూరపు నదినే నమ్మి దగ్గరి చెరువును పోగొట్టుకొన్న నగరము, దూరపు నది తప్పిననాడు దేనినాశ్రయించును? చెరువు ముందు పుట్టి నగరము తరువాత పుట్టిన కాలమున నీటిలెక్క చూచిన తరువాతనే ఇల్లు కట్టిరి. నేడు ఇల్లు కట్టిన తరువాత నీటిలెక్క చూచుచున్నాము.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయింపవచ్చును. నూరు చదరపు మీటర్ల మిద్దెమీద 80 సెంటిమీటర్ల వాన కురిసినచో 80,000 లీటర్లు పడును. అందు నూటికి 60 వంతులు పట్టినను 48,000 లీటర్లు. దినమునకు 135 లీటర్ల చొప్పున ఒక మనిషికి దాదాపు ఒక సంవత్సరము సరిపోవును. మీ పాఠశాల మిద్దె ఎంత? మీ ఊరి వాన ఎంత? మీ ఊరి చెరువు పూర్వము ఎంత, ఇప్పుడెంత? మీ ఇంటి కుళాయిలో నీరు ఎచ్చటినుండి, ఎంత దూరమునుండి, ఎంత ఎత్తు ఎక్కి వచ్చుచున్నది? ఈ ప్రశ్నలకు జవాబులు వెదకిన విద్యార్థి తన ఊరి నీటి చరిత్రను తానే వ్రాయగలడు. రేపు ఆ ఊరి నీటినిగూర్చి నిర్ణయము చేయవలసినవాడును అతడే.